పలకకు నాన్నా

కృపాదానానికి ఊపిరి పోస్తున్న వెంటిలేటర్‌ని సోమవారం ఆపెయ్యాలని నిర్ణయం అయిపోయింది. ఆసుపత్రి డాక్టర్లు ఒక బృందంగా, బయటి డాక్టర్లు మరో బృందంగా వచ్చి చూసి, ఆ శరీరంలో మనిషి లేడని తేల్చారు. భార్య హెప్సిబా ఒప్పుకుంది. తల్లి సంతోషమ్మ ఒప్పుకోలేదు గాని అడ్డం పడలేదు. ఆత్మ వెళ్ళిపోయాక మిగిలేది మట్టే కదా, మట్టిని పట్టుకుని కూచునే అధికారం తనకి లేదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. సంఘంలో ఆఖరి ప్రార్థన కూడా జరిగిపోయింది.

శనివారం మధ్యాహ్నం హెప్సిబా తన ప్రయోగశాల నుంచి ఒక టోపీ తెచ్చి భర్త తలకి తొడిగింది.

ఆమె విశాఖపట్నంలో అదే ఆసుపత్రిలో మెదడు డాక్టరు. ఆ టోపీ ఆమె తయారుచేసిందే. మెదడులో ఏ మూల ఎప్పుడు మేలుకుంటుందో పుర్రెకి చిల్లు పెట్టకుండా పసిగట్టే సన్నటి బిళ్ళలు దాని లోపలంతా పరిచి ఉంటాయి. మాట, సైగ, కనురెప్ప అన్నీ పోయిన మనిషి, ఏదో ఒక పని చేస్తున్నట్టు మనసులో ఊహించుకుంటే తెర మీద గీత కుడివైపుకి ఒరుగుతుంది. వేరే పని ఊహించుకుంటే ఎడమవైపుకి. ఒకటి అవును, ఒకటి కాదు. అది ఆలోచనల్ని చదవదు. మనిషి కావాలని చెప్పినదాన్నే చెబుతుంది. ప్రయోగశాలలో దానికి ‘పలుకు’ అని పేరు పెట్టుకున్నారు.

అప్పటిదాకా దాన్ని ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల మీదే పరీక్షించారు. లోపల ఎవరూ లేని మెదడు మీద గీత ఎలా ఉంటుందో చూసి ఉంచుకుంటే పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఆ ఖాళీ నమూనా కోసమే హెప్సిబా ఆరోజు భర్త దగ్గరికి వచ్చింది.

కృపాదానం హార్బరు పైలట్. సముద్రంలో ఆగిన ఓడ దగ్గరికి చిన్న బోటులో వెళ్ళి, దాని పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన ఎక్కి, ఇరుకు కాలువలోంచి ఓడని రేవులోకి తెచ్చే మనిషి. ఆరడుగుల పొడుగు, గాలిని దాటి వినపడే గొంతు. కిందటేడు ఆ బోటులోనే మెదడు అడుగున నరం చిట్లి పడిపోయాడు. అప్పట్నుంచి కళ్ళు సగం తెరుచుకుని, దేన్నీ చూడకుండా పడుకుని ఉన్నాడు.

ఆమె చెవి దగ్గరగా వంగి, తాళ్ళ నిచ్చెన ఎక్కుతున్నట్టు ఊహించుకోమని చెప్పింది. పరీక్షలో భాగంగా చెప్పాల్సిన మాట కాబట్టి చెప్పింది. తెర ముందు కూచున్న ఇంజనీరు త్రినాథ్ ముందుకి వంగి చూశాడు. కాసేపటికి, తీగ ఎక్కడో వదులైనట్టుంది మేడమ్ అన్నాడు. గీత కుడివైపుకి ఒరిగింది.

ఆగమని చెప్పింది. గీత నిలబడింది. చిన్నప్పుడు అమ్మ పాడే కీర్తన లోలోపల పాడుకోమంది. గీత మెల్లగా ఎడమవైపుకి వాలింది.

త్రినాథ్ లేచి తీగలన్నీ సరిచూడ్డం మొదలుపెట్టాడు. హెప్సిబా కళ్ళ ముందు సోమవారం ఒక్కటే ఆడుతోంది. ఈ టోపీ ఇంకో వారం ఆలస్యమై ఉంటే, అన్నీ వింటున్న మనిషి నోట్లోంచి గొట్టం లాగేసి ఉండేవాళ్ళు. మంచానికి అటూ ఇటూ నిలబడి డాక్టర్లు మాట్లాడుకున్నదంతా అతను విన్నాడు. తాను ఒప్పుకున్న మాట కూడా విన్నాడు.

సంతోషమ్మ తుని దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో బైబిలు స్త్రీగా చేసి విరమించుకున్న మనిషి. రోగుల పడకల దగ్గర కూచుని వాక్యం చదవడం, ప్రార్థన చెయ్యడం ఆమె పని. కొడుకు పలికాడన్న కబురు విని నేల మీద సాగిలపడి లేచింది. ఆ వారం సంఘంలో అందరికీ భోజనాలు పెట్టారు. పేపర్లలో హెప్సిబా ఫోటో పడింది. పార్వతీపురం నుంచి, ఒడిశా నుంచి మంచాల మీద మనుషుల్ని పెట్టుకుని జనం రాసాగారు. కొందరి తలల మీద గీత కదిలింది. వాళ్ళ ఇళ్ళవాళ్ళు వరండాలో మిఠాయిలు పంచారు.

*

అవును, కాదులతో మాటలు కట్టడం ఓపికతో కూడిన పని. ఆమె వర్గాలు చదివేది. క-వర్గమా, చ-వర్గమా అంటూ పోతుంటే ఒకచోట గీత కుడివైపు ఒరిగేది. తర్వాత అక్షరం, తర్వాత గుణింతం. ఒక్క మాట తేలేసరికి ఇద్దరూ అలసిపోయేవాళ్ళు.

అతను కట్టిన మొదటి మాట ‘దురద’. ఎక్కడ అని తల నుంచి మొదలుపెట్టి అడుగుతూ వచ్చింది. కుడి చెవి వెనక. ఆమె గోకింది. ఇంకాస్త కిందకా అని అడిగితే అవునన్నాడు. ఏడాదిగా ఆ ఒక్కచోట దురద పెడుతోందేమో అనుకుని హెప్సిబా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత కిటికీ తెరవమన్నాడు. అమ్మ తిన్నదా అని అడిగాడు. ఆయాలు రోజంతా పెట్టే టీవీ ఆపమన్నాడు.

ఆపైన ‘నొప్పి’ అన్నాడు.

భుజాల్లో, వీపులో, నోటి గొట్టంలోంచి కళ్ళె లాగిన ప్రతిసారీ గొంతులో. హెప్సిబా మందులు పెంచింది. మందు పెంచితే నొప్పి తగ్గేది, దాంతోపాటు అతనూ తగ్గిపోయేవాడు. గీత రోజుల తరబడి కదిలేది కాదు. మందు తగ్గిస్తే మనిషి తిరిగి వచ్చేవాడు, నొప్పి ముందే వచ్చి కూచునేది. ఏది కావాలో అతన్నే అడిగింది. కాసేపు గీత ఎటూ వాలలేదు. ఆ రెంటి మధ్య అతను ఎంతసేపు నిలబడ్డాడో ఆమెకి తెలియదు. చివరికి, తన తల్లి వచ్చే వేళకి మాత్రం మందు తక్కువ ఉంచమని మాట కూర్చాడు.

చలి తగ్గే రోజుల్లో ఒక ఉదయం అతను కట్టిన మాట ‘చాలు’.

ఈ పూటకి చాలా అని అడిగింది. గీత ఎడమవైపు వాలింది. మందు చాలా? ఎడమ. నేను రోజూ వచ్చి ఇలా అడగడం చాలా? ఎడమ. అడగవలసిన ప్రశ్న ఇంకొక్కటే మిగిలింది. ఆమె అది అడక్కుండా టోపీ తీసేసి, వార్డులో పనుందని చెప్పి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు పొద్దున్న పూట అటు రాలేదు. వచ్చిన రోజున తలుపు వేసి అడిగింది. గీత కుడివైపుకి ఎంత వేగంగా వెళ్ళిందంటే, ఆ మనిషి అన్నాళ్ళూ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టనిపించింది.

తర్వాతి వారాల్లో మళ్ళీ మళ్ళీ అడిగింది. మందు ఉన్నప్పుడు, లేనప్పుడు, దిగులుగా ఉన్నాడనిపించినప్పుడు, కబుర్లు చెప్పి ఉత్సాహం తెప్పించాక. జవాబు మారలేదు.

*

వెంటిలేటర్ తియ్యమనే వినతులు వినడానికి ముగ్గురితో ఒక సమీక్షా మండలి ఉండేది. అధ్యక్షుడు డాక్టర్ భుజంగరావు, జీవితమంతా అత్యవసర వార్డుల్లోనే గడిపినవాడు. న్యాయమూర్తిగా చేసి విరమించుకున్న నూర్జహాన్ బేగం ఒకరు. ధర్మశాస్త్రాలు బోధించిన సోమయాజులుగారు ఒకరు. ఆసుపత్రి పైఅంతస్తు గదిలో వాళ్ళ ముందు ఒక పక్క హెప్సిబా, ఒక పక్క సంతోషమ్మ కూచున్నారు.

భుజంగరావు కోపంగా మాట్లాడలేదు. తాను ఎన్నో వెంటిలేటర్లు తీయించానని, అందుకు ఏనాడూ పశ్చాత్తాపపడలేదని చెప్పాడు. లోపల మనిషి లేనప్పుడు ఊపిరి ఆపడం కూడా వైద్యమేనట. మనిషి ఉన్నాడని తెలిశాక ఆపితే దానికి ఆ పేరు పెట్టలేనన్నాడు. పైగా కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళు మొదట్లో చావు కోరుకుంటారు, కొన్నాళ్ళకి అదే మంచంలో బతుకు వెతుక్కుంటారు, అలాంటివాళ్ళని తాను చూశానన్నాడు.

“ఇంకో ఏడాది ఆగితే ఆయనే వద్దంటాడేమోనమ్మా” అన్నాడు.

“ఆ ఏడాది ఆ మంచంలో ఎవరు పడుకుంటారు సార్?” అంది హెప్సిబా.

ఆయన తలదించుకున్నాడు గాని మాట మార్చలేదు.

సోమయాజులుగారు, చేయవలసినవన్నీ చేసేసినవాడు అన్నం మాని ఉత్తరదిక్కుగా నడిచిపోవడం పెద్దలు ఒప్పుకున్నదేనని, దాన్ని ఆత్మహత్య కింద జమకట్టలేదని చెప్పారు. కానీ అక్కడ నడిచినవి అతని కాళ్ళే. ఇంకొకరి చేత్తో జరిగేదాన్ని ఏమనాలో తనకి శాస్త్రంలో దొరకలేదన్నారు. రెండు రాత్రులు వెతికానని కూడా చెప్పారు.

సంతోషమ్మని అడిగినప్పుడు ఆమె లేచి నిలబడింది. ఊపిరి ఊదినవాడు దేవుడు, వెంటిలేటర్ ఊదుతున్నా అది ఆయనదేనని తన నమ్మకం అంది. కొడుకు నొప్పి పడుతున్నాడని కోడలు చెబుతోంది, కావచ్చు. నొప్పి పడ్డ ప్రతివాడి ప్రాణమూ తీసుకోమని తాను పడకల దగ్గర ఎన్నడూ ప్రార్థించలేదు. నొప్పిలో తోడుండమనే ప్రార్థించింది.

నూర్జహాన్ బేగం ఆఖర్న మాట్లాడింది. కృపాదానం నోటితో వద్దని చెబితే చట్టం విని తీరాలి, వేలితో రాసి చూపినా విని తీరాలి. యంత్రం అతని బదులు చెబితే వినమని ఎక్కడా లేదు.

“మెలకువగా ఉన్నాడనడానికి నా యంత్రం మాట పనికొచ్చింది కదండీ” అంది హెప్సిబా.

“వచ్చింది.”

“వద్దనడానికి పనికిరాదా?”

నూర్జహాన్ బేగం కళ్ళద్దాలు తుడుచుకుంది. “ఉంచడం తప్పైతే రేపు దిద్దుకోవచ్చమ్మా. తియ్యడం తప్పైతే ఏం చేస్తాం?”

అప్పటికే చచ్చుబడిన మనిషిని అలా అటూ ఇటూ కట్టేశారు. మండలి ఇచ్చిన తీర్పు ఇది: వేసవి తర్వాత ఒకసారి, ఆపైన కొన్ని నెలలకోసారి మండలి ఎదుటే మళ్ళీ పరీక్ష. అప్పుడు అతను పలికితే వెంటిలేటర్ ఉంటుంది. పలకకపోతే, లోపల మనిషి లేడన్న పాత నిర్ణయమే అమలవుతుంది.

*

మండలి మాట విన్న మర్నాడు త్రినాథ్ తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. గీత ఎంత ఒరిగితే జవాబుగా లెక్కపెట్టాలన్నది తాము పెట్టుకున్న హద్దే. ఆ హద్దు కాస్త పైకి జరిపితే ఎంత పిలిచినా గీత కదలదు. ఎవరికీ తెలిసే దారి లేదు.

హెప్సిబా అతన్ని తిట్టలేదు. తనకీ ఆ ఊహ రాకపోలేదు. కానీ ఆ హద్దు ఒక్క కృపాదానానికి జరిపితే ఆగేది కాదు. పక్క వార్డులో మంచానికి అంటుకుపోయిన మనిషిని మోసి మోసి విసిగిన ఇంటివాళ్ళు రేపు త్రినాథ్‌నే ఒంటరిగా కలుసుకుంటారు. పలుకుతున్నవాళ్ళని లేరని చెప్పి మట్టిలో పెడతారు. అన్నిటికన్నా, భర్త తలకి టోపీ పెట్టి, అతను అవును అవును అంటుండగా, లోపల ఎవరూ లేరని తన నోటితో అనాలి. అది తనవల్ల కాదనుకుంది. ఆ గదిలోంచి బయటపడాలంటే ఒకే తలుపు ఉంది, ఆ తలుపు లోపల్నుంచి అతనే తియ్యాలి.

మండలి తీర్పు అతనికి చెప్పాలా వద్దా అని చాలా కొట్టుకుంది. డాక్టరుగా, రోగికి తన గురించి తేల్చిన ప్రతిదీ చెప్పాలి. భార్యగా చెబితే చావమని దారి చూపించినట్టు. చివరికి ఒక మధ్యాహ్నం అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని చెప్పేసింది.

“నువ్వు పలికితే వాళ్ళు తియ్యరు కృపా. పలకకపోతే తీస్తారు. నీకు నేర్పుతున్నానో, ఉన్నదున్నట్టు చెబుతున్నానో నాకే తెలీడం లేదు. అర్థమైందా?”

గీత కుడివైపు ఒరిగింది.

*

పరీక్ష రోజున ముగ్గురూ మంచం చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. భుజంగరావే ప్రశ్నలు అడిగాడు. నీ పేరు కృపాదానమా? ఇది విశాఖపట్నమా? నీకు పెళ్ళయిందా? ప్రతి ప్రశ్నకీ ఆగాడు, మళ్ళీ అడిగాడు, గొంతు పెంచి అడిగాడు. గీత నిటారుగా, చెక్కినట్టు నిలబడింది. హెప్సిబా తెర వైపు చూడలేక అతని మొహం వైపు చూసింది. ఆ మొహం ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. లోపల అతను నిచ్చెన ఎక్కకుండా, పాట పాడకుండా, తనని తాను ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నాడో ఆమెకి ఒక్కదానికే తెలుసు.

భుజంగరావు మిగతా ఇద్దరి వైపు చూశాడు. నూర్జహాన్ బేగం తల ఊపింది. అప్పుడు సంతోషమ్మ లేచి, ఒక్క మాట తానూ అడుగుతానంది. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆమె మంచం మీదకి వంగి, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. “నాన్నా, నొప్పిగా ఉందా?”

గీత వణికింది. ఎడమవైపుకి వాలింది. ఆమె పాటే లోపల పాడుకుంటూ, లేదమ్మా అన్నాడు.

సంతోషమ్మ రెండు చేతులూ ఎత్తి ప్రభువుకి వందనాలు చెప్పింది. త్రినాథ్ తెర ముందు నుంచి కదల్లేదు. భుజంగరావు వెళ్తూ వెళ్తూ హెప్సిబా భుజం తట్టి, చూశారా, ఉన్నాడు, నొప్పి కూడా లేదంటున్నాడు అన్నాడు. ఆయన మొహంలో నిజమైన సంతోషం ఉంది. హెప్సిబా కృపాదానం వైపు చూసింది. అంతసేపు నిలబడ్డ మనిషి ఒక్క తల్లి ముందు నిలబడలేకపోయాడు.

ఆ సాయంత్రం అతన్ని ఏమీ అడగలేదు. టోపీ పెట్టకుండా, పక్కన కూచుని దుప్పటి అంచులు సర్దుతూ ఉండిపోయింది.

*

వానలు మొదలయ్యాక కృపాదానానికి జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రోజుకి ఎన్నోసార్లు గొట్టంలోంచి కళ్ళె లాగాల్సి వచ్చేది. ఒక పూట నర్సు ఆ పని చేస్తుండగా సంతోషమ్మ పక్కనే ఉంది. కొడుకు మొహంలో కండరం కదల్లేదు. కానీ పడక తల దగ్గరి తెర మీద గుండె అంకెలు ఒక్కసారిగా పైకి ఎగిరాయి, నర్సు గొట్టం తీశాక దిగాయి. మళ్ళీ పెట్టగానే ఎగిరాయి. ఆమె జీవితంలో సగం పడకల పక్కనే గడిపింది. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో ఎవరూ ఆమెకి వివరించనక్కర్లేదు.

వరండాలో బల్ల మీద కూచుని కోడలి కోసం చూసింది. హెప్సిబా వచ్చాక పక్కన కూచోమంది.

“నీతో ఏవన్నాడమ్మా? నొప్పి లేదనే అన్నాడా?”

హెప్సిబా అబద్ధం చెప్పగలిగి ఉంటే బాగుండేదనుకుంది. “ఉందన్నాడు అత్తయ్యా. మొదట్నుంచీ ఉందనే అన్నాడు.”

సంతోషమ్మ వాన వైపు తిరిగింది. అవతల మంచాల వాళ్ళు ఎవరో టీ తాగుతారా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

“చిన్నప్పుడు కాలు విరిగితే కూడా నాతో అలాగే అన్నాడు” అంది. “లేదమ్మా, నొప్పి లేదు, నువ్వు డ్యూటీకెళ్ళు అని. నేనెళ్ళిపోయాను.”

తర్వాత ఆమె చెప్పింది కోడలికి చెప్పినట్టు లేదు. మిషను ఆసుపత్రిలో ప్రాణం పోలేక కొట్టుకుంటున్నవాళ్ళని చూసిందట. పెళ్ళామో తల్లో కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే, ఆ ఏడుపు వదిలి పోలేక రోజుల తరబడి ఉన్నవాళ్ళు. అలాంటప్పుడు ఆ ఏడ్చేవాళ్ళని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి కూచోబెట్టేది తానే. కాసేపటికి లోపల నెమ్మదించేది. అది తాను చేసిన మేలేనని అనుకునేది. ఇప్పుడు తనని బయటికి తీసుకురావడానికి ఎవరూ లేకపోయారు.

“ఇది రైటని నేననను హెప్సిబా. ఇప్పటికీ అనను. దేవుడి పని మనం చెయ్యకూడదు. కానీ నా బిడ్డ నాకోసం అక్కడ పడుండకూడదు.”

లేచి లోపలికి వెళ్ళింది. హెప్సిబా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంతోషమ్మ కొడుకు చెవి దగ్గర కూచుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

“మళ్ళీ అడుగుతారంట. పలకకు నాన్నా. నేనడిగినా పలకకు. పాపమైతే నా మీద వెయ్యమని దేవుణ్ణి అడుగుతాలే.”

ఆరోజు అతని తలకి టోపీ లేదు. విన్నాడో లేదో తెలియదు.

మర్నాడు హెప్సిబా టోపీ పెట్టి పేరు పెట్టి పిలిచింది. గీత కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. మందు తగ్గించి చూసింది, జ్వరం తగ్గాక చూసింది, మళ్ళీ స్కాన్ తీయించింది. మెదడులో కొత్తగా ఒక మచ్చ కనిపించింది. అది ఎంత తీసుకుపోయిందో స్కాన్ చెప్పదు. అతను తల్లి మాట విని నోరు కట్టుకున్నాడా, లేక ఆ మచ్చతోపాటు నిజంగానే వెళ్ళిపోయాడా? నాకు ఒక్కదానికి చెప్పు, ఎవరికీ చెప్పనని ఒకసారి బతిమాలింది. అడిగాక తనకే భయమేసింది. అతను ఒక్కసారి పలికితే, విన్న మాట విననట్టు మండలి ముందు కూచోగలదా? తెలుసుకోవాలని ఎంత కొట్టుకుపోతోందో, తెలుస్తుందేమోనని అంత భయం. ఆ తర్వాత తనంతట తాను ఏమీ అడగలేదు.

మండలి రెండోసారి వచ్చింది. భుజంగరావు ఈసారి ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడిగాడు. సోమయాజులుగారు కూడా కృపాదానాన్ని పేరు పెట్టి పిలిచారు. గీత నిటారుగా ఉంది. నూర్జహాన్ బేగం సంతోషమ్మ వైపు తిరిగి, మీరేమైనా అడుగుతారా అంది. సంతోషమ్మ రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని, తల అడ్డంగా ఊపింది.

భుజంగరావు హెప్సిబా వైపు చూశాడు. “యంత్రం మీది. లేడా, పలకడం లేదా?”

“తెలీదు సార్.”

“భార్యగా?”

“భార్యగా కూడా తెలీదు.”

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. అంతకన్నా లోతుగా అడగాలనుకున్నాడేమో, అడగలేదు. పాత నిర్ణయం అమలు చేయమన్నారు.

*

ఆ పని భుజంగరావే తన చేత్తో చేస్తానన్నాడు. ఆ ఉదయం త్రినాథ్ టోపీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆఖరి నిమిషంలో గీత కదిలితే ఆపొచ్చు కదా మేడమ్ అన్నాడు. అతను అన్నది సరైనదే. ఏ డాక్టరైనా అదే చెయ్యాలి. హెప్సిబా టోపీ అందుకుంది, దాని పట్టీలు సరిచేసింది. మంచానికి అవతల సంతోషమ్మ కళ్ళు మూసుకుని ఉంది. హెప్సిబా టోపీని తిరిగి త్రినాథ్ చేతిలో పెట్టి, కిందకి తీసుకెళ్ళమంది.

నొప్పి తెలియకుండా మందు ఎక్కించారు. గొట్టం తీశాక అతని పెదాలు చాలా రోజులకి దగ్గరికి చేరాయి. హెప్సిబా అతనికి ఏదైనా చెప్పాలనుకుంది. ఇన్నాళ్ళూ వాళ్ళ మధ్య నడిచినవన్నీ ప్రశ్నలే కావడంతో నోటికి వచ్చిన ప్రతి మాటా ప్రశ్నగానే తిరిగింది. చెయ్యి పట్టుకుని ఉండిపోయింది. అది ఎక్కువసేపు పట్టలేదు.

సమాధుల తోట నుంచి తిరిగి వస్తూ కారులో సంతోషమ్మ, ఆఖర్న ఏమైనా అడిగావా అని కోడల్ని అడిగింది. లేదంది హెప్సిబా. వింటూనే ఉన్నాడంటారా అని తిరిగి అడిగింది.

“ఉన్నాడనుకుంటే ఒక బాధ, లేడనుకుంటే ఒక బాధ” అంది సంతోషమ్మ. “రెండూ నేనే మొయ్యలేను. నువ్వొకటి తీసుకో.”

సంతాపదినాలు అయ్యాక హెప్సిబా పనిలోకి వెళ్ళింది. ప్రయోగశాల ముందు సాలూరు నుంచి వచ్చిన దంపతులు కూచుని ఉన్నారు. కాలేజీలో చదివే కూతురు మోటారుసైకిలు మీంచి పడి, ఆరు నెలలుగా కదలకుండా ఉంది. పిల్ల వింటోందో లేదో ఒక్కటి చెప్పమని తల్లి చేతులు జోడించింది. హెప్సిబా వాళ్ళని కూచోబెట్టి, టోపీ పెట్టాక పిల్ల పలికితే ఏం జరుగుతుందో, ఏం జరగకుండా పోతుందో అన్నీ చెప్పింది. ఆ తల్లి ఓపికగా విని, మా పిల్ల పలకాలే గాని మాకు ఇంకేం వద్దమ్మా అంది.

ఆమె టోపీ తొడిగింది. త్రినాథ్ తెర సిద్ధం చేసి ఆమె వైపు చూశాడు. హెప్సిబా ఆ పిల్ల చెవి దగ్గరగా వంగింది. పిలవడానికి నోరు తెరిచి చాలాసేపు అలాగే ఉండిపోయింది. వెనక నుంచి తండ్రి, పేరు మరిచిపోయారనుకుని, హైమవతి అండి అని అందించాడు.

“హైమా” అని పిలిచింది.